ఈ ముఖాన్ని గుర్తుపెట్టుకోమంటారా?

తెలీబంధా, రాయ్‌పూర్
18 జనవరి 2023

పైడత్తకి, నీ మేనల్లుడు ధనుంజయ్ దణ్ణాలు.

నేనూ నీ కోడలు లహరీ క్షేమం. నీ చెవికి ఫోన్ మాట ఈగ రొదలా వినిపిస్తోందని నువ్వు ఫోన్‌ని బియ్యం డబ్బాలో పడేశాక, ఇలా కాగితం మీద రాయడం నాకూ అలవాటైపోయింది. మీ ముందు గదిలో అద్దెకుండే రఘు గారు రోజూ ఆఫీసుకి తిల్దా నుంచి లోకల్ రైల్లో వచ్చి వెళ్తారు కాబట్టి మనకి పోస్టాఫీసుతో పనిలేదు. కాకపోతే ఉత్తరాన్ని టిఫిన్ సంచీలో పెట్టొద్దని ఆయనకి చెప్పు. పోయినసారి నీ దీవెనలకి ఆవకాయ నూనె అంటింది.

మావయ్య ఫోటో అందింది. గోడ చెమ్మకి కోటు భుజం దగ్గర బూజు పట్టింది, టై సగం పురుగులు తినేశాయి. ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న స్టూడియోలో తయారైన ఫోటోలన్నిట్లో ఇదే గొప్పదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎటు జరిగి చూసినా మనల్నే చూస్తుంటాడు. కోటు బాగుచేసి, కొత్త ఫ్రేము కట్టించి, ఫిబ్రవరి పదో తారీకున వచ్చే తిథికి ముందే పంపిస్తాను.

ఇంకో కబురు. పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాని బీరువాలో పెట్టేశాను. పెద్ద లెన్సు తగిలిస్తే రెండున్నర కిలోలు. పదేళ్ళు పెళ్ళిళ్ళలో దాన్ని మెడకి వేసుకు తిరిగితే మెడ ఎడంపక్కకి వాలిపోయింది. ఎడంపక్క నిలబడ్డ ఆడవాళ్ళు నేను వాళ్ళనే చూస్తున్నాననుకుని కొంగు సర్దుకుంటున్నారు. లహరి ఊరుకుంటుందా? చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనిపించింది.

అరచేతిలో ఇమిడిపోతుంది. పాతదాంట్లో లోపల ఒక అద్దం ఉండేది, ఫోటో తీసినప్పుడల్లా లేచి పడేది. ఆ 'ఖటాక్' దాని చప్పుడే. కొత్తదాంట్లో అద్దమూ లేదు, చప్పుడూ లేదు. ఎదురుగా ఉన్నదాన్ని కెమెరా తనే చూసి, తను చూసినదాన్ని మనకి చిన్న టీవీలో వేసి చూపిస్తుంది. మనుషుల్ని గుర్తుపట్టడం కూడా దానికి తెలుసు. ఒకసారి ముఖం చూపించి, పేరూ పుట్టినరోజూ చెబితే చాలు. ఎంత గుంపులో ఉన్నా పట్టుకుని, ముఖం చుట్టూ పసుపుపచ్చ గడి గీసి, కింద పేరు రాస్తుంది.

కొత్త కెమెరాతో తీసే మొదటి ఫోటో ఇంటి పెద్దలదే అవ్వాలని నాన్న పెట్టిన ఆనవాయితీ ఉంది కదా. నాన్న పోయి మూడేళ్ళయింది, నువ్వేమో తిల్దాలో ఉన్నావు. బల్ల మీద చూస్తే మావయ్య ఉన్నాడు. ఆయనతోనే బోణీ చేసి, ముఖం కూడా గుర్తుపెట్టించాను.

నీ దీవెనలు కోరుకునే
ధనుంజయ్

తా.క. ఫోటో కింద కెమెరా ఏం రాసిందో తెలుసా? 'సూర్యారావు, 77 సంవత్సరాల 2 నెలలు.' పుట్టినరోజు అడిగింది, చెప్పాను. పోయినరోజు చెప్పడానికి అందులో గడి లేదు.


తిల్దా
20 జనవరి 2023

చిరంజీవి ధనుంజయ్‌కి, పైడత్త నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాస్తున్నది.

ఉత్తరం చేరింది. ఈసారి నూనె కాదు, పెరుగు.

అద్దం లేని కెమెరా ఏమిటిరా? మీ నాన్న ప్రేమ్‌చంద్ నల్లగుడ్డలో తల దూర్చి, చెయ్యెత్తి, "ఊఁ, కదలకండి" అని ఖటాక్‌మనిపిస్తే, కూర్చున్నవాడికి ఒక పని అయిందని ధైర్యంగా ఉండేది. చప్పుడు లేకపోతే ఎప్పుడు ఊపిరి వదలాలో వాళ్ళకెలా తెలుస్తుంది? నీ మెడ సంగతి వేరు. ఆముదం వేడిచేసి రాయించుకో.

మీ మావయ్య ఫోటో జాగ్రత్త. కోటు బాగుచెయ్యి, టై కావాలంటే కొత్తది కట్టు, ముఖం జోలికి మాత్రం వెళ్ళొద్దు. కంప్యూటర్లో నున్నగా చేస్తారట, తెల్లగా చేస్తారట. అలాంటివేమీ వద్దు. ఉన్నది ఉన్నట్టే రానివ్వు. ఎవరికీ చూపించాల్సిన పని కూడా లేదు.

తిథి నాటికి అది గోడమీద ఉండాలి. పందొమ్మిదేళ్ళుగా మినపగారెలు, బెల్లం పరమాన్నం, విశాఖపట్నం నుంచి తెప్పించిన ఎండు నెత్తళ్ళ చేపల పులుసు, విస్తరి పక్కన ఒక చుట్ట. ఇవి ఆ ముఖం ముందు పెట్టి, "తిను" అని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వస్తాను. వట్టి మేకు ముందు పెట్టి తినమని ఎవరికి చెప్పను?

లహరికి నా దీవెనలు చెప్పు.

ఇట్లు
పైడత్త

తా.క. డెబ్బై ఏడు అని రాసిందా! ఆయన యాభై ఎనిమిదికే పోయాడు, ఇంకో రెండేళ్ళు సర్వీసు ఉండగా. గూడ్సు బండి గార్డుగా ఎప్పుడూ ఆలస్యంగానే ఇల్లు చేరేవాడు. నీ కెమెరా లెక్కలో ఆయనింకా ప్రయాణంలోనే ఉన్నట్టున్నాడు.


తెలీబంధా
28 జనవరి 2023

పైడత్తకి దణ్ణాలు.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. రఘు గారికి చదివి వినిపించకు.

మొదట కెమెరాకి చప్పుడు లేకపోవడం వల్ల పడుతున్న అవస్థ చెబుతాను. మొన్న చాందిని అనే అమ్మాయి నిశ్చితార్థానికి వెళ్ళాను. అందరూ పళ్ళు బయటపెట్టి నిలబడ్డారు. నేను పదిహేను ఫోటోలు తీసేశాను. వాళ్ళింకా అలాగే నిలబడి ఉన్నారు. పెళ్ళికూతురి పెదనాన్న "అరే భాయ్, తీస్తావా, తియ్యవా? దవడలు పట్టేస్తున్నాయ్" అని అరిచాడు. అప్పట్నుంచీ ప్రతి ఫోటోకీ నేనే నాలికతో "ఖటాక్" అంటున్నాను. ఇంత ఖరీదైన కెమెరాకి చప్పుడు నేను చెయ్యాల్సి వస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. గురువారం పండరీ బట్టల బజారుకి వెళ్ళాను. ఒక హోల్‌సేల్ దుకాణం వాళ్ళు పెళ్ళి చీరల ఫోటోలు అడిగారు. గుమ్మంలో నిలబడి వీధి మొత్తం పడేలా కెమెరా ఎత్తాను. మూటలు మోసేవాళ్ళు, రిక్షాలు, బేరగాళ్ళు. ఆ జనంలో ఒకచోట పసుపుపచ్చ గడి పడింది. కింద పేరు వచ్చింది.

సూర్యారావు. 77 సంవత్సరాల 2 నెలలు.

కెమెరా దించి వట్టి కళ్ళతో చూశాను. అక్కడ వేలాడదీసిన చీరలు తప్ప ఏమీ లేవు. మళ్ళీ ఎత్తాను. గడి ఆ చీరల వరస వెనకాల మెల్లగా ఇటు నుంచి అటు నడుచుకుంటూ వెళ్ళింది. ఎర్ర చీర దగ్గర ఆగింది. ఆరిపోయింది.

కొత్త వస్తువు కదా, పొరపాటు పడిందనుకున్నాను. శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. అదే వీధి, అదే పేరు. జనవరి చలిలో నాకు వీపంతా చెమట పట్టింది. అత్తా, నాకు భయంగా ఉంది. మావయ్యకి మన మీద ఏదైనా కోపముందా?

నీ
ధనుంజయ్

తా.క. చీరల సందులోంచి ఒక్క క్షణం భుజం కనిపించింది. గళ్ళ చొక్కా. మావయ్యకి గళ్ళ చొక్కా ఉండేదా?


తిల్దా
30 జనవరి 2023

చిరంజీవి ధనుంజయ్‌కి దీవెనలు.

గళ్ళ చొక్కాయా? ఆ మనిషి జన్మలో తెల్ల యూనిఫాం, గళ్ళ లుంగీ తప్ప ఎరగడు.

అయినా పండరీలో ఆయనకేం పని? ముప్ఫై ఏళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారైనా పండరీ తీసుకెళ్ళాడా? "చీర కొనాలి" అంటే "డ్యూటీ ఉంది" అనేవాడు. చచ్చి పందొమ్మిదేళ్ళయ్యాక, చీరల దుకాణాల మధ్య, అదీ ఎర్ర చీర దగ్గర ఆగి చూడ్డానికి తీరిక దొరికిందా? ఈసారి కనబడితే ఇనప్పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టాడో అడుగు. పందొమ్మిదేళ్ళుగా ఆ పెట్టె మీద బిందె పెట్టుకుంటున్నాను.

నవ్వుతూ రాస్తున్నాననుకోకు. నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. నువ్వు చిన్నప్పట్నుంచీ బూటకాలు చెప్పేవాడివి కాదు.

కొన్ని సంగతులు చూసి రాయి. ముఖం కనబడిందా, గడి ఒక్కటేనా? జుట్టు ఫోటోలో ఉన్నట్టు నల్లగా ఉందా, నెరిసిందా? కళ్ళజోడుందా? కుడి కనుబొమ్మ మీద గీతలాంటి మచ్చ ఉందా? నీ కొత్త కెమెరా దాని ఇష్టం వచ్చింది చూపిస్తోందేమో. పాత కెమెరా బీరువాలోంచి తీసి, అద్దంలోంచి చూడు. అద్దంలో అయితే ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది కదా.

సంగతి తేలేదాకా ఎవరితోనూ అనకు.

ఇట్లు
పైడత్త

తా.క. ఒంటరిగా ఉన్నాడా, పక్కన ఎవరైనా ఉన్నారా? నేనేమీ అనుకోను, నిజం రాయి.


తెలీబంధా
2 ఫిబ్రవరి 2023

పైడత్తకి దణ్ణాలు.

చూశాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ మెడకి వేసుకుని నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళాను. పట్టపగలు, బజారు నిండా జనం. ఎర్ర చీరలు వేలాడే దుకాణం ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడి పెద్ద లెన్సులోంచి చూశాను. గద్దె మీద ఒక ముసలాయన కూర్చుని ఇనప గజంతో గుడ్డ కొలుస్తున్నాడు. గళ్ళ చొక్కా. తెల్లజుట్టు. దళసరి కళ్ళజోడు.

తల ఎత్తాడు అత్తా. మావయ్యే. అదే ముక్కు, అదే చూపు. కుడి కనుబొమ్మ మీద నువ్వు చెప్పిన గీత. ఫోటోలో ఉన్న మనిషి మీదుగా ఇరవై ఏళ్ళు నడిచి వెళ్తే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. నేను వేలు నొక్కేశాను. పాత కెమెరా కదా, "ఖటాక్" అంది. ఆయన నేరుగా నావైపు చూసి, నవ్వి, చెయ్యి ఊపి, "ఆవో బేటా, అందర్ ఆవో" అని లోపలికి పిలిచాడు.

నేను పరిగెత్తాను. మూటల మధ్యలోంచి ఎలా వచ్చి స్కూటర్ మీద పడ్డానో నాకే తెలీదు.

పోయినవాళ్ళకి కూడా వయసు వస్తుందా? వాళ్ళకీ చత్వారం వచ్చి కళ్ళజోడు పడుతుందా? ఆ ఫోటో బల్ల మీద ఉంటే స్టూడియోలో పని చెయ్యలేకపోతున్నాను. దాని మీద గుడ్డ కప్పాను. గుడ్డ కింద నుంచి చూస్తున్నాడనిపించి ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ కప్పాను.

లహరి వాళ్ళమ్మని అడిగింది. "కడుపు నిండనివాళ్ళే అలా బజార్లలో తిరుగుతారు, ఎక్కడో పెట్టడంలో లోపం జరిగుంటాది" అందట ఆవిడ. నిన్న లహరి డాబా మీద అన్నం ముద్ద పెట్టింది. ఒక్క కాకీ ముట్టలేదు. అత్తా, తప్పుగా అనుకోకు. మావయ్యకి ప్రతి ఏడూ సరిగ్గానే పెడుతున్నావా? ఆయన ఆకలితో ఉన్నాడేమో.

నీ
ధనుంజయ్

తా.క. పరుగులో కుడికాలి చెప్పు ఆ దుకాణం ముందే పడిపోయింది. తెచ్చుకునే ధైర్యం లేదు. లహరి చెప్పులు వేసుకుని తిరుగుతున్నాను.


తిల్దా
4 ఫిబ్రవరి 2023

చిరంజీవి ధనుంజయ్‌కి.

సరిగ్గా పెడుతున్నావా అని నన్ను అడిగావు. నీ మీద కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

పందొమ్మిదేళ్ళలో ఒక్క ఏడు తప్పలేదు. మోకాలు విరిగిన ఏడు కుర్చీలో కూర్చుని గారెలు వేశాను. కరోనా రోజుల్లో నెత్తళ్ళు దొరక్కపోతే, పక్క వీధి దాలమ్మ దాచుకున్న పిడికెడు బతిమాలి తెచ్చాను. ఏ ఏడూ కాకి రాకుండా పోలేదు. మరి ఆయన ఆకలితో ఎందుకుంటాడు? పొద్దున్న ఆ వట్టి మేకుకి ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని ఆయన ముఖం తలుచుకుందామని చూశాను. వచ్చిన ముఖం చూసి భయపడి కళ్ళు తెరిచేశాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫోటో పూర్తిచేసి వెంటనే పంపు. ఆ దుకాణం ఏ సందులో ఉందో, బోర్డు ఏ రంగో, ఏ వేళకి తెరుస్తారో రాయి. నువ్వు మళ్ళీ అటు వెళ్ళొద్దు. ఆ మనిషికి ఆ ఫోటో పొరపాటున కూడా చూపించొద్దు. నా మీద ఒట్టు.

ఇట్లు
పైడత్త

తా.క. ఆయన గుడ్డ కొలిచేటప్పుడు చివర్లో నాలుగు వేళ్ళు ఎక్కువ వదులుతున్నాడా, సరిగ్గా గీతకి కోస్తున్నాడా? వదిలితే మాత్రం మీ మావయ్య కాదు.


తెలీబంధా
6 ఫిబ్రవరి 2023

పైడత్తకి దణ్ణాలు.

ఫోటో పూర్తయింది, రఘు గారి చేతికిచ్చాను. గుడ్డ విప్పకుండానే తీసుకెళ్ళమన్నాను. కోటు, టై కొత్తవాటిలా ఉన్నాయి. ముఖం ముట్టుకోలేదు, ముట్టుకోమన్నా ముట్టుకునేవాణ్ణి కాదు. దుకాణం గుర్తులు విడిగా రాసి జతచేశాను. వెళ్ళొద్దని నా మనవి.

ఇంకొకటి జరిగింది. నిన్న కెమెరాలోంచి మావయ్య ముఖం తీసేశాను. పేరు, పుట్టినరోజు, అన్నీ చెరిపేశాను. అయిపోయింది కదా అని పాత ఫోటోలు తిరగేస్తుంటే, స్క్రీన్ మీద దానంతట అదే ఒక ప్రశ్న వచ్చింది.

'ఈ ముఖం తరచుగా కనిపిస్తోంది. గుర్తుపెట్టుకోమంటారా?'

కింద మావయ్య నవ్వుతున్నాడు. అవుననాలో, కాదనాలో తెలీక బ్యాటరీ ఊడబీకేశాను. వచ్చేవారం ఒక పెళ్ళి ఉంది. పాత కెమెరా మోస్తే మెడ విరుగుతుంది, కొత్తది పట్టుకుంటే గుండె ఆగుతుంది.

నీ
ధనుంజయ్

తా.క. చెరిపేసే ముందు చివరిసారి చూశాను. 77 సంవత్సరాల 3 నెలలు అయింది. నిన్నటితో నిండాయి. ఆ కెమెరా మర్చిపోవడం లేదు అత్తా.


తిల్దా
11 ఫిబ్రవరి 2023

చిరంజీవి ధనుంజయ్‌కి, పైడత్త మనసారా దీవించి రాస్తున్నది.

ముందు భయం మాను. బ్యాటరీ పెట్టుకో. నువ్వు చూసినది దయ్యం కాదు. ఆ కెమెరా గుర్తుపట్టడంలో తప్పేమీ చెయ్యలేదు. తప్పు మీ నాన్నది, నాది.

మీ మావయ్యకి ఫోటో అంటే పడేది కాదు. కెమెరా ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని తల తిప్పేసేవాడు. బొంబాయి లైన్లో డ్యూటీలో పోయినప్పుడు ఆయన ఐడీ కార్డు కూడా దారిలో ఎక్కడో పోయింది. ఇంట్లో మిగిలింది ఒక్కటే, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో యాభై మందితో తీసిన గ్రూపు ఫోటో. అందులో ఆయన తల శనగగింజంత ఉంటుంది. అదీ ఖటాక్ అనే వేళకి కదిలించాడు. పెద్దకర్మకి ఫోటో కావాలి. మన కాపీ తాళంచెవి లేని ఇనప్పెట్టెలో ఉండిపోతే, మీ నాన్న ఇన్‌స్టిట్యూట్ గోడ మీది కాపీ తెచ్చి ఎంత పెద్దది చేసినా పొగ తప్ప ముఖం రాలేదు. అప్పుడు ఏం చేశాడంటే, ఆ వారమే స్టూడియోలో ఫోటో దిగి వెళ్ళిన ఎవరో పెద్దమనిషి ముఖం కాస్త పోలికగా ఉందని తీసి, దానికి కోటూ టై తగిలించి, దండ వేసి తెచ్చేశాడు.

గుడ్డ తీయగానే నాకు తెలిసిపోయింది. కట్టుకున్నదాన్ని, నాకు తెలీదా? నోరు తెరిచేలోపే చుట్టాలు గొల్లుమన్నారు. "మా సూరన్నయ్యే! అచ్చు గుద్దినట్టున్నాడు! ఇప్పుడే లేచొచ్చీసినట్టున్నాడు!" అని మా ఆడపడుచు ఫ్రేము పట్టుకుని ఊగిపోయింది. తలుపు వెనకాల మీ నాన్న రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. తమ్ముడి పరువు తీసి ఏం బావుకుంటాను? నేనూ ఏడ్చాను. నువ్వు పదకొండేళ్ళవాడివి. మావయ్యని నాలుగుసార్లు చూసుంటావు, అదీ ఆయన బూట్లు వేసుకునే హడావిడిలో.

తర్వాత ఏమైందంటే, అలవాటైపోయింది. నిజం చెప్పేస్తున్నాను. మీ మావయ్య ఎప్పుడూ నా ముఖంలోకి చూసి మాట్లాడలేదు. ఈ మనిషి నేరుగా చూస్తాడు. పొద్దున్నే కూర ఏం వండాలో ఈయన్నే అడిగేదాన్ని. మొన్న కళ్ళు మూసుకుంటే వచ్చిన ముఖం కూడా ఈయనదే. కట్టుకున్నవాడి ముఖం నా దగ్గర లేకుండా పోయిందని అప్పుడు తెలిసింది. అందుకే భయపడ్డాను.

నీ ఉత్తరంలో తెల్లజుట్టు, కళ్ళజోడు చదవగానే అర్థమైంది, ఆయన బతికే ఉన్నాడని. బతికున్న మనిషికి పందొమ్మిదేళ్ళు దండ వేశాను. ఆ పాపం ఆయనకి ఏం చేసిందోనని, ఎనిమిదో తారీకున రఘుని తోడు తీసుకుని పండరీ వెళ్ళాను.

ఆయన పేరు గోవర్ధన్‌దాస్. "ఆయియే బెహన్‌జీ, బైఠియే" అని నీళ్ళిచ్చాడు. చెవి దగ్గరగా వచ్చి నిదానంగా మాట్లాడాడు, ఒక్క మాట పోలేదు. చీరలు పరుస్తున్నాడు, నేను ఆయన్నే చూస్తున్నాను. కాసేపటికి ఆగి, "బెహన్‌జీ, మిమ్మల్ని ఎక్కడో చూశాను. రోజూ చూసినట్టే ఉంది" అన్నాడు.

"ఎప్పుడైనా తెలీబంధాలో ఫోటో దిగారా భాయ్‌సాబ్?" అన్నాను.

"హాఁ, చాలా ఏళ్ళయింది. మర్నాడు వెళ్తే ఫోటోగ్రాఫర్ భాయ్ రీలు పాడైందని చేతులు పట్టుకున్నాడు. మళ్ళీ కూర్చోబెట్టి ఊరికే తీసిచ్చాడు. బహుత్ భలా ఆద్మీ థా."

మీ నాన్న భలా ఆద్మీ అట, మంచివాడట. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ధైర్యం చేసి, "మరి అప్పట్నుంచీ ఆరోగ్యం బాగుంటోందా?" అని అడిగాను.

"రాయిలా ఉన్నాను. పందొమ్మిదేళ్ళుగా జ్వరమన్నది లేదు. ఒక్కటే రోగం, అది ఏ డాక్టరుకీ అంతు చిక్కలేదు" అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏడాదికి ఒక్కరోజు ఆకలి చచ్చిపోతుంది. బసంత్ పంచమి వెళ్ళిన పదిహేను రోజులకి. పొద్దున్నుంచీ ఏమీ తినను, మధ్యాహ్నానికి కడుపు పెళ్ళిభోజనం తిన్నట్టు నిండిపోతుంది. నోట్లో బెల్లం తీపి వస్తుంది. అంతవరకూ పర్వాలేదు. నేను ఉల్లిపాయ కూడా ముట్టనివాణ్ణి బెహన్‌జీ. ఆరోజు తేన్పు వస్తే చేప వాసన! సాయంత్రానికి పొగాకు కంపు. మా ఆవిడ పందొమ్మిదేళ్ళుగా ఆ ఒక్కరోజూ నాతో మాట్లాడదు."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. బసంత్ పంచమికి పదిహేను రోజులంటే మన తిథే. ఎర్ర చీర తీసుకున్నాను. రవికె గుడ్డ కోస్తూ ఆయన నాలుగు వేళ్ళు ఎక్కువే వదిలాడు.

తిరుగు లోకల్లో కిటికీ పక్కన కూర్చున్నాక అసలు మాట తట్టింది. పందొమ్మిదేళ్ళు నేను పెట్టినదంతా ఈయన కడుపులోకి వెళ్తే, మా ఆయన ఏం తిన్నాడు? నువ్వు అడిగింది నిజమేరా. ఆకలితోనే ఉన్నాడు. ఎక్కడ ఏ సైడింగ్‌లో సిగ్నల్ కోసం చూస్తున్న గూడ్సు బండిలో కూర్చుని, ఇంటి నుంచి క్యారియర్ వస్తుందని ఎదురు చూశాడో. వేరే మనిషి ముఖానికి "తిను" అని చెప్పి తలుపు వేసి వచ్చినదాన్ని నేను. తిల్దా వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పాపం రఘు, చీర నచ్చలేదేమో అనుకుని మార్చుకొస్తానన్నాడు.

నిన్న తిథి. నువ్వు పంపిన కొత్త ఫోటో గోడకెత్తలేదు. పెట్టెలోంచి ఆ గ్రూపు ఫోటో తీశాను. అవును, ఇనప్పెట్టెలోంచే. తాళం రఘు చేత పగలగొట్టించాను, పందొమ్మిదేళ్ళ క్రితమే చెయ్యాల్సిన పని. రెండో వరసలో ఎడమ నుంచి ఏడో మనిషి, తల కదిలినవాడు. ఆ శనగగింజ చుట్టూ పసుపుతో గడి గీశాను, నీ కెమెరా గీసినట్టే. కింద పేరు రాశాను. విస్తరి వేసి, ఈసారి తలుపు వెయ్యకుండా, ఎదురుగా కూర్చుని చెప్పాను. "ఆలస్యమైంది, తప్పు నాదే. మెల్లగా తిను." ఎర్ర చీర కట్టుకునే కూర్చున్నాను. ఆ పొగలో ఆయన ముఖం నాకు మెల్లమెల్లగా వచ్చింది. చెవి దగ్గర వెంట్రుకలతో సహా వచ్చింది.

ఆ శనగగింజనే పెద్దది చేసి పంపు. పొగలా వచ్చినా ఫర్వాలేదు. ముఖం నాకు తెలుసు.

ఇట్లు
పైడత్త

తా.క. 1. ఈసారి వచ్చినప్పుడు ఆ చిన్న కెమెరాతో నాకూ ఒక ఫోటో తియ్యి. ఇప్పుడే తియ్యి, నా తర్వాత ఎవరి ముఖమో తెచ్చి గోడకి పెట్టకుండా. నోటితో ఖటాక్ అనడం మర్చిపోకు.

తా.క. 2. నిన్న పొద్దున్నే రఘుని పండరీ పంపి, ఆ పెద్దమనిషిని ఒకసారి చూసి రమ్మన్నాను. పన్నెండు కొట్టేసరికల్లా ఆకలో అని అల్లాడిపోయాడట. డబ్బా ఖాళీ చేసి, పక్క దుకాణం వాళ్ళ రొట్టెలు కూడా అడిగి తిన్నాడట. "ఈ రోజున ఆకలి వేసి పందొమ్మిదేళ్ళయింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. నీ చెప్పు గల్లాపెట్టె కింద భద్రంగా ఉంచాడు.

తా.క. 3. అయినా, ఇన్నేళ్ళు పెట్టిన చెయ్యి ఒక్కసారిగా ఆపేస్తే ఏం బాగుంటుంది? ఈ ఉత్తరంతో పాటు గిన్నెలో పది గారెలు పంపాను. చెప్పు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయనకివ్వు. తిల్దా నుంచి బెహన్‌జీ పంపిందని చెప్పు. నెత్తళ్ళు పెట్టలేదని కూడా చెప్పు.